లారీ ఇంజన్ హెడ్డులో విరిగిపోయిన మేనిఫోల్డ్ బోల్టులు: హెడ్డు దించకుండా తీయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టెక్కలి వైపు గ్రానైట్ బండలు మోసే ఆరు సిలిండర్ల టర్బో లారీ. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కి (సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే పోత ఇనుప గొట్టం) వెనక చివర రెండు బోల్టులు విరిగాయి. ఒకటి కాస్త బయటికి కనబడుతోంది, రెండోది హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇనుప దిమ్మ) లోపలికి తెగిపోయింది. చూపించిన చోట హెడ్డు దించాల్సిందే అన్నారు. దించకుండా పని అవుతుందా, ఈలోగా విశాఖ పోర్టుకి ఒక లోడు వేసుకోవచ్చా అని.

పని అవుతుంది. చాలావరకు బండి మీదే తీసేయొచ్చు. బయటికి ఉన్నదానికి నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పడం. లోపలికి పోయినదానికి కూడా ముందు వెల్డింగే, అది కుదరకపోతే బుష్ (డ్రిల్ బిట్టు పక్కకి జారకుండా పట్టి ఉంచే చిన్న గొట్టం) సాయంతో డ్రిల్లు. ఈజీ అవుట్ (విరిగిన బోల్టులో రంధ్రం వేసి, అందులో దూర్చి తిప్పే పనిముట్టు) జోలికి వెళ్లకండి, వెళ్లనివ్వకండి. ఎందుకో కింద చెప్తాను. లోడు సంగతి చివర్లో.

నాది విజయనగరంలో లేత్, వెల్డింగ్ పని. సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ వైపు తిరిగే లారీలు, హైవే మీద ఇచ్ఛాపురం నుంచి వచ్చే లారీలు ఇదే సమస్యతో వస్తుంటాయి. డ్రైవర్లు ఎక్కువమంది "ఏటి బావూ, ట్యాపెట్ సౌండు వస్తంది" అంటూ వస్తారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని కొట్టి, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోతే అది ట్యాపెట్ (వాల్వులని తెరిచే భాగం) కాకపోవచ్చు. మేనిఫోల్డ్ వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది. జాయింట్ దగ్గర హెడ్డు మీద నల్లటి మసి చార కనబడితే ఇంక అనుమానం అక్కర్లేదు.

ముందు మీ మెకానిక్‌కి ఒక మాట చెప్పండి. విరిగినవి రెండే అయినా మేనిఫోల్డ్ దించాలంటే మిగతావన్నీ విప్పాలి. అసలు నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. రెండు బోల్టుల కోసం వచ్చిన బండి ఐదు విరిగిన బోల్టులతో నిలబడిపోతుంది. అందుకని ముందు రోజు సాయంత్రమే ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు అన్ని బోల్టుల మొదళ్లలో తుప్పు వదిలించే ఆయిల్ వేసి వదిలేయండి. డబ్ల్యూడీ 40 లాంటివి పర్వాలేదు. గేర్ ఆయిల్ దుకాణంలో దొరికే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపితే ఇంకా బాగా దిగుతుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, బీడీ దగ్గరికి రానివ్వకండి. కిరసనాయిలు, డీజిల్ వేస్తారు చాలామంది. ఏమీ లేనప్పటికి సరే.

పొద్దున విప్పేటప్పుడు పానాకి పొడవాటి పైపు తగిలించి ఒకేసారి లాగకండి. ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి కదపాలి. కిర్రుమని చిన్న కదలిక వస్తే తుప్పు పట్టు వదిలినట్టే. తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. స్ప్రింగులా మెత్తగా సాగుతున్నట్టు చేతికి తగిలితే వెంటనే ఆపేయాలి, అది విరగబోయే ముందు వచ్చే కదలిక. దానికి గ్యాస్ టార్చ్‌తో వేడి పెట్టాల్సిందే. బోల్టు తలను ఎర్రగా కాల్చి, ముట్టుకోకుండా చల్లారనివ్వండి. వేడికి బోల్టు ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఉన్న ఇనుము ఉబ్బనివ్వదు. చల్లారాక కాస్త సన్నబడి తుప్పు పగులుతుంది. చల్లార్చడానికి నీళ్లు మాత్రం కొట్టకూడదు, హెడ్డు పోత ఇనుము, పగిలితే ఇంక ఇంతే సంగతులు.

వేడి మీద ఉండగా బోల్టు దారం (త్రెడ్, అంటే మర) దగ్గర మామూలు కొవ్వొత్తి ముక్క ఆనించండి. మైనం కరిగి, వత్తిలోకి నూనె ఎక్కినట్టు సందుల్లోకి పాకుతుంది. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు. బోల్టు ఎర్రగా ఉన్నప్పుడు ఆనిస్తే భగ్గుమంటుంది, ఎరుపు పోయి చుయ్ మనే వేడి మీద ఉన్నప్పుడే పెట్టాలి.

ఇప్పుడు బయటికి ఉన్న ముక్క సంగతి. సెల్ఫ్ గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పేద్దామని అందరికీ ఉంటుంది. ముందు వేడి, మైనం అయ్యాక ఒక్కసారి ప్రయత్నించండి. జారితే మళ్లీ మళ్లీ తిప్పొద్దు, ముక్క గుండ్రంగా అరిగి వెల్డింగ్‌కి పట్టు తగ్గుతుంది.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బీఎస్ 4, బీఎస్ 6 బండి అయితే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కనెక్టర్లు కూడా ఊడదీయాలి. ఎర్త్ క్లాంపు ఛాసిస్‌కి ఎక్కడో తగిలించకండి, బోల్టుకి దగ్గరగా హెడ్డు మీదే శుభ్రంగా గీకి పట్టించండి. లేకపోతే కరెంటు బేరింగుల గుండా, సెన్సర్ల గుండా దారి వెతుక్కుంటుంది. డీజిల్ పైపుల మీద తడి గోనె కప్పాలి, పక్కన ఫైర్ సిలిండర్ ఉండాలి. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో జిడ్డు తుడిచి వెంటనే వెల్డింగ్ పెట్టే అలవాటు కొందరికి ఉంది. క్లోరిన్ ఉన్న క్లీనర్ అయితే ఆ వేడికి విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. జిడ్డు వైరు బ్రష్షుతో, పొడి గుడ్డతో వదిలించండి.

ముక్క కొసను గ్రైండర్‌తో మెరిసేదాకా గీకండి. దాని మీద నట్టు కూర్చోబెట్టి, నట్టు రంధ్రం లోపలి నుంచి వెల్డింగ్ నింపాలి. బయట అంచున పెట్టే వెల్డింగ్‌కి బలం ఉండదు. అడుగున ముక్క కరిగి నట్టుతో కలవాలి. మిగ్ మెషిన్ (తీగతో వెల్డింగ్ చేసేది) ఉంటే మంచిది, స్లాగ్ (వెల్డింగ్ మీద కట్టే పెంకు) గొడవ ఉండదు. ఆర్క్ మాత్రమే ఉంటే 2.5 మి.మీ. రాడ్డు తీసుకోండి. కొంచెం నింపి, స్లాగ్ కొట్టి, మళ్లీ నింపాలి. స్లాగ్ లోపల ఉండిపోతే పానా వేయగానే నట్టు ఊడి చేతికొస్తుంది.

నట్టు అతకడం ఒక్కటే కాదు ఇక్కడ జరిగేది. ఆ వెల్డింగ్ వేడి బోల్టు మధ్యలోంచి లోపలికి దిగి తుప్పుని విడగొడుతుంది. బయట నుంచి టార్చ్ పెట్టినా ఆ వేడి అంత లోపలికి చేరదు. అందుకే మొదటిసారి నట్టు ఊడిపోయినా దిగులు పడక్కర్లేదు, రెండోసారి పెట్టండి, మూడోసారి పెట్టండి. ఒక్కోసారికి పట్టు కొంత వదులుతూ వస్తుంది. వెల్డింగ్ అవగానే తిప్పేయకూడదు. ఎరుపు పూర్తిగా పోయాక, మైనం పెట్టి, చేయి పెట్టలేనంత వేడి ఉండగానే ముందుకీ వెనక్కీ కదపడం మొదలుపెట్టాలి. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేర్పడానికి ఎక్కువ కష్టపడేది ఇక్కడే. నట్టు అతకడం వారంలో వచ్చేస్తుంది, ఆగడం రాదు.

లోపలికి తెగిన రెండోది. హెడ్డు ముఖానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటే వెల్డింగ్‌తో పైకి తేవచ్చు. బోల్టు మధ్యలో చిన్న చుక్క పెట్టి, దాని మీద ఇంకో చుక్క, అలా దిమ్మలా పైకి కట్టాలి. మామూలు రాడ్డు లోహం పోత ఇనుముకి సరిగా అతకదు, ఉక్కు బోల్టుకి బాగా అతుకుతుంది. ఆ తేడానే మనకి కలిసొస్తుంది. అయినా గోడకి తగలకుండా మధ్యలోనే పెట్టే చేయి కావాలి. ముఖానికి సమానంగా వచ్చాక రంధ్రం చిన్నదైన వాషర్ ఒకటి ఆనించి, ఆ రంధ్రంలోంచి బోల్టుకి అతికి, వాషర్ మీద నట్టు అతకండి. తర్వాత కథ మామూలే.

అంతకంటే లోతుగా ఉంటే డ్రిల్లు తప్పదు. ఇక్కడే హెడ్డులు పాడవుతాయి. బోల్టు గట్టి ఉక్కు, చుట్టూ ఉన్నది దానికంటే మెత్తటి పోత ఇనుము. విరిగిన ముఖం ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. చేత్తో డ్రిల్లు పట్టి వదిలితే బిట్టు జారి మెత్తటి వైపు తినేస్తుంది. రంధ్రం పక్కకి పోయాక సరిచేయడం నాకూ, ఇంకెవరికైనా నరకమే.

అందుకని మేనిఫోల్డ్‌నే జిగ్గుగా (డ్రిల్లుకి దారి చూపే అచ్చుగా) వాడండి. మేనిఫోల్డ్‌ని మిగతా బోల్టులతో తిరిగి బిగించి, విరిగిన బోల్టు వచ్చే రంధ్రంలోకి సరిగ్గా కూర్చునే బుష్ ఒకటి లేత్ మీద తిప్పించండి. బయటి కొలత మేనిఫోల్డ్ రంధ్రానికి సరిపోవాలి, లోపల 4 మి.మీ. రంధ్రం ఉండాలి. ఇప్పుడు బిట్టు ఎటూ జారదు, నడిమధ్యలో దిగుతుంది. ఆ తర్వాత 6 మి.మీ. బుష్. లేత్ వాళ్లకి ఇది చిన్న పని, శ్రీకాకుళం, నరసన్నపేట, రణస్థలం ఎక్కడైనా చేసిస్తారు. చోటు చాలకపోతే ముందు చక్రం, లోపలి మడ్‌గార్డు తీసి, మూల తిరిగిన యాంగిల్ డ్రిల్లు వాడాలి. క్యాబిన్ లేచే బండి అయితే లేపేయండి, సగం తలనొప్పి పోతుంది.

ఎడమ చేతి డ్రిల్ బిట్లు దొరికితే అవే వాడండి. మెషిన్ రివర్స్‌లో తిప్పుతాం కాబట్టి బిట్టు కొరికినప్పుడల్లా బోల్టు విప్పే వైపు లాగుతుంది. మధ్యలో రంధ్రం పడి, వేడెక్కి, పట్టు సడలిన బోల్టు చాలాసార్లు బిట్టుతో పాటే తిరిగి బయటికి వచ్చేస్తుంది. స్పీడు తక్కువ, ఒత్తిడి గట్టిగా, ఆయిల్ చుక్కలు ఆపకుండా. ఎంత లోతు దిగాలో పక్క బోల్టు పొడవు చూసి బిట్టుకి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. కొన్ని ఇంజన్లలో ఈ రంధ్రాల వెనకే నీళ్ల జాకెట్టు (కూలెంట్ తిరిగే ఖాళీ) ఉంటుంది. గుర్తు దాటి పోతే కూలెంట్ చుక్క కనబడ్డాక తెలుస్తుంది.

బోల్టు 10 మి.మీ., దారం 1.5 పిచ్ అయితే ఆఖరి డ్రిల్లు 8.5 మి.మీ. నడిమధ్యలో పడి ఉంటే అప్పటికి బోల్టు గోడ పొర మాత్రమే మిగిలి, స్ప్రింగు చుట్టలా దారంలో ఇరుక్కుని ఉంటుంది. సన్నటి మొనతో దాన్ని లాగేసి, ట్యాప్ (దారం కోసే పనిముట్టు) నడిపితే పాత త్రెడ్ చెక్కుచెదరకుండా బయటపడుతుంది. త్రెడ్ దెబ్బతింటే హెలికాయిల్ (కొత్త దారంగా పనిచేసే తీగ చుట్ట) వేయించండి, అది నామోషీ పని కాదు. బాగా వేసిన హెలికాయిల్ పాత త్రెడ్ కంటే గట్టిగానే ఉంటుంది.

ఈజీ అవుట్ గురించి. సన్నటి బోల్టు మామూలుగా విరిగినప్పుడు అది బాగానే పనిచేస్తుంది. మేనిఫోల్డ్ బోల్టు విరిగిందే తుప్పు పట్టు వల్ల. బోల్టంత లావు ఉక్కు తిప్పలేకపోయిన పట్టుని, దాని లోపల రంధ్రంలో పట్టేంత సన్నటి పనిముట్టు ఎలా తిప్పుతుంది? పైగా అది లోపల కూర్చుని బోల్టుని పక్కలకి ఉబ్బిస్తుంది, ఇంకా బిగుసుకుంటుంది. టప్పున విరిగిందా, ఆ ముక్క గట్టి ఉక్కు, మామూలు బిట్టు దాని మీద గీత కూడా పెట్టదు. కార్బైడ్ బర్రుతో గంటల తరబడి అరగదీయాలి, లేదా హెడ్డు దించి స్పార్క్ మెషిన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచేది) ఉన్న చోటికి మోసుకెళ్లాలి. అప్పుడు నిజంగానే హెడ్డు దించాలి.

డ్రిల్లు, గ్రైండింగ్ చేసినంతసేపూ ఎగ్జాస్ట్ పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచండి, బిట్టుకి గ్రీజు రాస్తే ఇనుప రజను దానికి అంటుకుంటుంది. టర్బో నోరు కూడా మూయండి. ఒక్క రజను పలుకు లోపల ఉండిపోతే స్టార్ట్ చేయగానే టర్బైన్ రెక్కల మీదికి పోతుంది. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోండి, బిగించే ముందు అన్నీ బయటికి వచ్చాయో చూసుకోండి.

బోల్టు వచ్చేసింది కదా అని కొత్తది బిగించేస్తే ఇంకో ఆరు నెలలకి మళ్లీ కలుస్తాం. మీ రెండూ వెనక చివరవే అన్నారు, అది చూసే నాకు అనుమానం వచ్చింది. మీటరు పొడవున్న పోత ఇనుము 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మి.మీ. సాగుతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో ఇంజన్ పొగ వేడి 600 డిగ్రీల చుట్టుపక్కలకి పోతుంది. హెడ్డుకి మాత్రం కూలెంట్ ఉంది, అది 90 దగ్గరే ఉంటుంది, అంత సాగదు. మధ్య బోల్టులకి ఈ తేడా తెలియదు, చివరి వాటిని మాత్రం ప్రతి ట్రిప్పులోనూ పక్కకి లాగుతుంది. అందుకే పెద్ద ఇంజన్ల మేనిఫోల్డ్ రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదాంట్లో ఒకటి జారేలా రింగులు వేస్తారు. మసి పేరుకుని ఆ జారే జాయింట్ బిగుసుకుపోతే ముక్కలన్నీ కలిసి ఒకటే అవుతాయి, చివరి బోల్టులు తెగుతాయి. ఘాటీలో తిరిగే ఒక సాలూరు లారీది సరిగ్గా ఇదే సంగతి. బోల్టులు మారుస్తూనే ఉన్నారు, జాయింట్‌ని ఎవరూ కదిపి చూడలేదు. వేడి చేసి, చెక్క సుత్తితో తట్టి విడదీసి, మసి గీకి, రింగులు మార్చాక ఆ బండి మళ్లీ ఆ పని కోసం మా షాపుకి రాలేదు.

ఇంకో కారణం బ్రాకెట్. టర్బో నుంచి కిందికి దిగే సైలెన్సర్ పైపుని గేర్‌బాక్స్ దగ్గరో ఇంజన్ దగ్గరో ఒక బ్రాకెట్ పట్టి ఉంచుతుంది. క్లచ్ పని చేసేటప్పుడు అడ్డమని తీసి, మళ్లీ పెట్టరు. ఆ పైపు బరువు, ఊపు అంతా మేనిఫోల్డ్ మీద పడుతుంది. క్వారీ దారుల్లో తిరిగే మీ బండికి ఇది తప్పక చూడండి. ఆ బ్రాకెట్ ఉందా, పైపులో ఫ్లెక్సిబుల్ బెల్లో (ఊపుకి వంగే ముడతల గొట్టం) ముడుచుకుని గట్టిపడిందా అని. గ్రానైట్ లారీ ఒకటి ఎప్పుడు వచ్చినా వెనక చివర బోల్టుతోనే వచ్చేది. కింద దూరి చూస్తే బ్రాకెట్ ఉండాల్సిన చోట రెండు ఖాళీ రంధ్రాలు, వాటి నిండా ఎర్రమట్టి.

మేనిఫోల్డ్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూడండి. వంగి ఉంటే ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) చేయించాలి. వంగినదాన్ని బోల్టులతో లాగి కూర్చోబెడితే ఆ బోల్టులు సగం తెగినట్టే.

కొత్తవి వేసేటప్పుడు కంపెనీ బోల్టులే వేయండి. బజార్లో 12.9 గ్రేడు బోల్టు చూపించి ఇదే గట్టిది అంటారు. చల్లగా ఉన్నప్పుడు గట్టిదే, ఆ గట్టిదనం వేడి చేసి పదును పెట్టడం వల్ల వచ్చింది, మేనిఫోల్డ్ వేడికి కొంత దిగిపోతుంది. కొన్ని ఇంజన్లలో బోల్టు తల కింద పొడవాటి గొట్టం లాంటి స్పేసర్ ఉంటుంది, అనవసరమని పారేయకండి. బోల్టు పొడవు పెరిగితే సాగే వీలు పెరుగుతుంది, విరగదు. నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు (దారం పట్టేయకుండా చేసేది) దారానికి పల్చగా రాయండి. బిగింపు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకి, రెండు మూడు విడతల్లో. 10 మి.మీ. బోల్టుకి చాలా ఇంజన్లలో 40 నుంచి 45 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ ఇంజన్ మాన్యువల్లో ఉన్న అంకెనే పట్టుకోండి. పేస్టు రాస్తే అదే టార్క్‌కి బోల్టు ఇంకా ఎక్కువ లాగబడుతుంది, కాబట్టి మాన్యువల్ పొడి దారానికి చెప్పిందా, ఆయిల్ దారానికి చెప్పిందా చూసుకోవాలి. చేతి అంచనా వద్దు. ప్యాకింగ్ కొత్తదే వేయాలి, పాతదానికి పేస్టు పూసి సర్దొద్దు.

హెడ్డు ఎప్పుడు దించాలి? బోల్టు చుట్టూ పగులు కనబడితే, ఎవరో ముందే డ్రిల్లు వేసి పక్కకి పోనిచ్చి ఉంటే, లోపల ఈజీ అవుట్ ముక్క ఉంటే, లేదా విరిగిన బోల్టు దగ్గరికి యాంగిల్ డ్రిల్లు కూడా చేరకపోతే. ఇవేవీ లేకుండా దించమంటే, ఇంకో షాపులో ఒకసారి చూపించండి. దించమన్న మెకానిక్‌ని తప్పుపట్టడం లేదు. వెల్డింగ్ చేయి లేని చోట హెడ్డు దించి లేత్‌కి పంపడమే భద్రమైన దారి. ఖర్చు, రోజులు మాత్రం మీవి.

ఇక పోర్టు లోడు. వేయకండి. చివర రెండు బోల్టులు లేవంటే ఆ సిలిండర్ పొగ టర్బోకి చేరకుండా సందులోంచి పోతోంది. పికప్ తగ్గుతుంది, డ్రైవర్ ఇంకా తొక్కుతాడు, వేడి ఇంకా పెరుగుతుంది, మూడో బోల్టు మీద భారం పడుతుంది. ఆ సందులోంచి వచ్చే మంట లాంటి పొగ హెడ్డు ముఖాన్ని కోసేస్తుంది, దగ్గర్లో ఉన్న వైరింగు, డీజిల్ పైపుని కాలుస్తుంది. పొగ క్యాబిన్‌లోకి వచ్చిందంటే డ్రైవర్‌కే ప్రమాదం, రాత్రి బండిలో ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకుంటే మరీను. ఖాళీ బండిని నెమ్మదిగా దగ్గర్లోని షాపు దాకా నడిపించుకోవచ్చు, అద్దాలు దించుకుని. బయల్దేరే ముందు విరిగిన బోల్టులు రెండిటికీ, వెనక బ్రాకెట్ ఉండాల్సిన చోటుకీ దగ్గర నుంచి ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, ఇంజన్ మోడల్ కూడా రాయండి. వెల్డింగ్‌కి చాలినంత ముక్క ఉందో లేదో చూసి చెప్తాను.